సారా బర్క్ అడిగిన చోటు

బాలబాలికలారా, మన ఊళ్లలో మంచు కురియదు. శీతకాలపు ఉదయమున గడ్డిపరకలపై నిలుచు బిందువులే మనలో పలువురెరిగిన మంచు. నేనును అట్టివాడనే. అయినను మంచుకొండలపై జారుచు, గాలిలో గిరగిర తిరుగుచు జీవించిన ఒక కెనడా యువతిని గూర్చి మీకు చెప్పదలచితిని. ఆమె సాహసమును మెచ్చుకొనుటకు మాత్రమే కాదు. క్రీడాలోకము ఆమె విషయమున రెండు తప్పులు చేసినదని నా అభిప్రాయము. మొదటిదానిని ఆమెయే పట్టుపట్టి దిద్దించెను. రెండవది ఆమె మరణించిన పిమ్మట గాని లోకమునకు కనబడలేదు.

ముందు ఆ ఆట యెట్టిదో తెలిసికొనుడు. మంచుపై జారుటకు పాదరక్షలకు బిగించుకొను పొడవైన సన్నని పలకలను స్కీలందురు. వానితో వాలు దిగుటయే కాక, ఎగురుచు, పల్టీలు కొట్టుచు చేయు విన్యాసములకు ఫ్రీస్టైల్ స్కీయింగ్ అని పేరు. అందు హాఫ్‌పైప్ అనునది ఒక భేదము. ఒక పెద్ద గొట్టమును నిలువునా రెండుగా చీల్చి, అందొక సగమును కొండవాలుపై వెల్లకిల పరుండబెట్టినట్లు భావింపుడు. దాని యిరుప్రక్కల గోడలు గట్టిపడిన మంచుతో కట్టినవి. పెద్ద పోటీలలో వాని యెత్తు 22 అడుగులు. అనగా రెండంతస్తుల మేడ యంత. క్రీడాకారిణి ఒక గోడ మీదుగా దూసికొనిపోయి, అంచు దాటి యింకను పైకెగిరి, గాలిలో తిరిగి, మరల ఆ గోడ మీదనే దిగి, ఎదుటి గోడకు సాగిపోవలయును. ఇట్లు పలుమారులు. దిగునపుడు పాదము తప్పినచో క్రింద నున్నది దూదివంటి మంచు కాదు, రాతివంటి మంచు.

సారా బర్క్ 1982 సెప్టెంబరు 3వ తేదీన కెనడాలోని ఓంటారియో రాష్ట్రమున బారీ పట్టణములో జన్మించెను. మిడ్‌లాండ్ అను చిన్న ఊరిలో పెరిగెను. మొదట మంచుగుబ్బలపై జారు మోగుల్స్ అను పోటీలలో పాల్గొని, క్రమముగా హాఫ్‌పైప్ వైపు మనసు త్రిప్పుకొనెను. కాని అందు బాలికలకు పోటీలే అరుదు. పురుషుల పోటీలలోనే పేరిచ్చి, వారితో పాటు వరుసలో నిలిచి, తన వంతు వచ్చినపుడు దూకెడిది. 2001లో అమెరికాలో జరిగిన ఫ్రీస్కీయింగ్ ఓపెన్ పోటీలో మహిళల హాఫ్‌పైప్ ప్రథమస్థానము ఆమెకు దక్కెను. అయినను ఆ రంగమున అందరి కన్నులు నిలుచు శీతకాలపు ఎక్స్ గేమ్స్‌లో స్త్రీలకు స్కీ పోటీ లేదు. ఆ క్రీడలను నడపు టెలివిజన్ సంస్థవారిని ఆమె మరల మరల కోరెను. మాకును చోటిండు అనుటయే ఆమె కోరిక.

ఇట్టి కోరికకు ఎల్లచోట్ల తరచుగా వచ్చు సమాధానమొకటి కలదు: "ఆడువారు చాలినంతమంది లేరు గదా!" ఈ మాట నాకు క్రొత్త కాదు. నేనే అన్నవాడను. నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న కాలమున ముగ్గురు బాలికలు నా గదికి వచ్చి, "సార్, సాయంకాలము ఒక గంట మాకు మైదానమిప్పించండి, వాలీబాల్ నేర్చుకొంటాము" అని యడిగిరి. "జట్టునకు ఆరుగురు కావలెను. ముగ్గురేనా? జట్టు కూడిన తరువాత రండి" అంటిని. మైదానము లేక జట్టెట్లు కూడును? ఆ ప్రశ్న నాకప్పుడు తోపలేదు. ఆ బాలికలు మరల రాలేదు. నేనును ఆ సంగతి మరచితిని. బర్క్ చరిత్ర చదువునపుడు అది జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడితిని.

ఆమె మాత్రము మరల వచ్చునట్టిది. 2005లో ఎక్స్ గేమ్స్‌లో మహిళల హాఫ్‌పైప్ స్కీ పోటీ మొదలయ్యెను. తలుపు తెరిపించినది ఆమె. కాని మొదటి రెండేండ్లును అందలి స్వర్ణపతకము ఆమెది కాలేదు. ఇది నాకు మిక్కిలి నచ్చిన విషయము. తాను గెలుచుటకే పోటీ అడిగినదను మాట దీనితో కొట్టుకొనిపోవుచున్నది. ఆ 2005లోనే ఫిన్లాండు దేశమున జరిగిన ప్రపంచ పోటీలలో ఆమె హాఫ్‌పైప్ విజేత యయ్యెను. పిదప 2007, 2008, 2009, 2011 సంవత్సరములలో ఎక్స్ గేమ్స్ స్వర్ణము నాలుగుమారులు ఆమెదే. గాలిలో 1080 డిగ్రీలు, అనగా మూడు పూర్తి చుట్లు, తిరిగి దిగు విన్యాసమును పోటీలో సాధించిన తొలి మహిళ ఆమెయే. నడుమ 2009లో మరియొక పోటీలో పడి వెన్నుపూస విరుగగొట్టుకొనెను. కోలుకొని మరల స్కీలు బిగించెను.

ఒలింపిక్ క్రీడల సంగతి చూడుడు. ఒకే పలకపై రెండు పాదములు నిలిపి జారు స్నోబోర్డు ఆటగాండ్రకు 1998 నుండియే ఒలింపిక్ హాఫ్‌పైప్ కలదు; అందు స్త్రీలకును పోటీ కలదు. స్కీలవారికి మాత్రము లేదు. బర్క్ మరికొందరితో కలిసి దానికై పాటుపడెను. 2011 ఏప్రిలులో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము సమ్మతించెను. 2014లో రష్యాలోని సోచీ నగరమున స్త్రీపురుషుల కిరువురకును ఆ పోటీ జరుగునని నిర్ణయమయ్యెను. (స్కీలపై దూర మెగురు పోటీ పురుషులకు 1924 నుండి కలదు, స్త్రీలకు అదియును 2014లోనే వచ్చెను. తొంబదియేండ్ల ఆలస్యమునకు మీరే పేరు పెట్టుడు.)

2012 జనవరి 10వ తేదీన అమెరికాలోని యూటా రాష్ట్రమున, పార్క్ సిటీ వద్ద హాఫ్‌పైప్‌లో బర్క్ అభ్యాసము చేయుచుండెను. ఒక విన్యాసము ముగించి దిగునపుడు పడెను. మెడలోని రక్తనాళమొకటి చీలి తలలో రక్తస్రావమయ్యెను. గుండె ఆగిపోగా మెదడునకు ప్రాణవాయువందలేదు. తొమ్మిది దినములు ఆసుపత్రిలో నుండి జనవరి 19న మరణించెను. అప్పటికామె వయస్సు 29 ఏండ్లు. వివాహమై రెండేండ్లయినను నిండలేదు. ఆమె కోరిక ననుసరించి అవయవములను ఇతరులకు దానమిచ్చిరి.

ఆ మీదట వచ్చినది ఆసుపత్రి పద్దు. ఆనాటి అభ్యాసమును ఏర్పాటు చేసినది ఆమెకు ప్రోత్సాహకులైన ఒక వాణిజ్య సంస్థ. కెనడా స్కీ సంఘమువారి బీమా ఆ కార్యక్రమమునకు వర్తింపలేదు. కుటుంబమునకై చందాలు పోగుచేయగా, ముఖమెరుగని జనులెందరో 3 లక్షల డాలర్లకు పైగా ఇచ్చిరి. ఇచ్చినవారి హృదయము గొప్పది. కాని చందా యేల కావలసివచ్చెను? ఇదియే నేను చెప్పిన రెండవ తప్పు. క్రీడాకారుల శిరస్త్రాణములపై, దుస్తులపై తమ గుర్తులు వేయించుకొని సరకులమ్ముకొనువారును, పోటీలు చూపించి ధనమార్జించువారును, ఆటగాడు పడిననాడు చికిత్సకు లోటు రాకుండ ముందే ఏర్పాటు చేసి యుండవలసినది. "ఆమె అపాయము తెలిసియే దిగెను గదా" అని కొందరందురు. పరంజా యెక్కు కూలివాడును తెలిసియే యెక్కును. అంతమాత్రమున ఇల్లు కట్టించుకొనువాని బాధ్యత తీరునా?

ఇంకొకరు వేరొక మాట అందురు: ఆడుపిల్లల కింతటి అపాయకరమైన ఆట తగదని. ఇది నాకు బొత్తిగా సమ్మతము కాదు. ఆ పార్క్ సిటీలోనే 2009 డిసెంబరు 31న కెవిన్ పియర్స్ అను స్నోబోర్డు యువకుడు పడి తలకు ఘోరమైన గాయము తగిలించుకొనెను. మంచుగోడ ఆడ మగ యెరుగదు. అపాయమును తగ్గింపవలసినచో దానికి మార్గములు వేరు. క్రొత్త విన్యాసములను మొదట నీటిమడుగులపైనను, గాలి నింపిన పెద్ద పరుపులపైనను నేర్చు పద్ధతి కలదు. గోడల యెత్తును విచారింపవచ్చును. వైద్యులను దగ్గర నుంచవచ్చును. ఇవన్నియు ధనముతో కూడిన పనులు. పొమ్మనుటకు ధనమక్కరలేదు కావున పలువురకు అదియే తోచును.

2014 ఫిబ్రవరి 20న సోచీలో మహిళల హాఫ్‌పైప్ పోటీ మొదటిసారిగా జరిగెను. ఆమె స్మృతిచిహ్నమును శిరస్త్రాణములపై అంటించుకొనుటకు ఒలింపిక్ సంఘము అనుమతింపలేదు. నియమములు నియమములే కావచ్చును. అయినను ఇది నా మనసునకు కష్టము కలిగించెను. కెనడా జట్టు శిక్షకుడు ఆమె చితాభస్మములో కొంత తెచ్చి ఆ మంచుపై చల్లెను. స్వర్ణపతకము అమెరికా యువతి మ్యాడీ బోమన్‌కు వచ్చెను. రజతము గెలిచిన ఫ్రాన్సు దేశపు మారీ మార్టినో అంతకు పూర్వమే ఆట మానివేసి, ఒక బిడ్డకు తల్లియై యింట నుండెను. సోచీకి రావలెనని ఆమె నొప్పించి, మరల స్కీలు కట్టించినది బర్క్. 2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో ఆ పోటీ మరల జరిగినపుడు స్వర్ణము కెనడాకే చెందిన కాసీ షార్ప్ గెలిచెను. రజతము ఈమారును మార్టినోదే.