హోదా గడి తీసివేయండి



చాలా రోజులుగా మనసులో నలుగుతున్న మాట ఒకటి ఈ టపాలో వ్రాస్తున్నాను. ఇది కొందరికి కష్టం కలిగించవచ్చు. ఆ కొందరిలో నా శిష్యులూ ఉంటారు. ఏళ్ళ తరబడి వాళ్ళ వ్రాతపుస్తకాలు దిద్దిన చేయి కనుక, మరొక్కసారి ఎఱ్ఱసిరా కలం పట్టుకొనే చనువు తీసుకొంటున్నాను.

నేను భాషాప్రవీణ ముగించి, పండిత శిక్షణ పొంది, ఒక ప్రభుత్వ గురుకుల పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడుగా చేరి, అక్కడే చాలాకాలం పనిచేసి విరమించినవాణ్ణి. 1998లో పదవ తరగతి ముగించిన మా పిల్లలు 2023 జనవరిలో, సంక్రాంతి సెలవులలో, రజతోత్సవం జరుపుకొన్నారు. నన్నూ పిలిచారు. శాలువా కప్పారు. కాళ్ళకు మ్రొక్కారు. చక్కగా అచ్చువేయించిన ఒక సంచిక చేతిలో పెట్టారు. అందులో ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట. పేరు, ప్రస్తుత హోదా, పనిచేసే సంస్థ, నివాసం, జీవిత భాగస్వామి ఉద్యోగం, పిల్లల చదువు. ఈ ఆరు గడులున్న పత్రాన్ని ముందుగానే అందరికీ పంపి నింపించారట.

ఆ రాత్రి ఇంటికి వచ్చి సంచిక మొదటినుండి చివరిదాకా చదివాను. ముప్పైయెనిమిది పుటలున్నాయి. ఆ తరగతిలో నేను హాజరు పిలిచినది నలభైయొక్కమందిని.

మరునాడు ఉదయం నిర్వాహకుడైన శిష్యునికి ఫోను చేసి, తక్కిన ముగ్గురి మాట ఏమిటని అడిగాను. “ఒకడు ఎక్కడున్నాడో తెలియదు మాష్టారూ. ఒకడు ఫారం తిరిగి పంపలేదు. ఇంకొకడు పోయాడట” అన్నాడు. ఎప్పుడు పోయాడంటే చెప్పలేకపోయాడు.

ఫారం పంపనివాడు మా ఊరికి నలభై మైళ్ళ లోపలే ఉన్నాడు. తాపీమేస్త్రి. పద్యం చదివితే తరగతి గది నిశ్శబ్దమయ్యేది, అటువంటి గొంతు వాడిది. “ఫారం వచ్చింది మాష్టారూ. హోదా అన్నచోట ఏం రాయాలో తోచలేదండి. పక్కన పెట్టేశాను” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు విన్న తరువాత నాకు ఆ పూట అన్నం సహించలేదు.

పోయినవాడు పోయినది 2019లో. భార్య, ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి పదవ తరగతితోనే చదువు మానేసి బట్టలకొట్టులో పనికి కుదిరింది. ఆ ముప్పైయెనిమిదిమందిలో వైద్యులున్నారు, కళాశాల అధ్యాపకులున్నారు, విదేశాలలో స్థిరపడినవాళ్ళున్నారు. తమతో ఐదేండ్లు ఒకే వరుసలో కూర్చుని భోంచేసినవాడి కూతురు బట్టలు మడతపెడుతున్న సంగతి వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. నేను చెప్పిన సాయంత్రమే నలుగురు కదిలారు. ఆ అమ్మాయి మళ్ళీ కళాశాలలో చేరింది, తోటివాళ్ళకంటె మూడేండ్లు వెనుకగా. కనుక నా శిష్యులు మంచివాళ్ళు కారని నేననను. మంచివాళ్ళకు కూడా మూడేండ్ల పాటు ఆ కబురు అందకుండా చేసినదేమిటన్నదే నా ప్రశ్న. నా జవాబు ఆ ఆరు గడులు. అడిగినది హోదా గనుక హోదాయే వచ్చింది. క్షేమం ఎవరూ అడగలేదు.

ఈ గురుకులాలు ఎందుకు పుట్టాయో ఒక్కసారి గుర్తుచేసుకొందాం. పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1971 నవంబరులో, నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల ప్రారంభమయింది. 1972లో గుంటూరు జిల్లా తాడికొండలోను, హిందూపురం దగ్గరి కొడిగెనహళ్ళిలోను అటువంటివే వచ్చాయి. పల్లెలలో చదువుకొనే తెలివిగల పేదపిల్లలకు తిండి, బట్ట, వసతి, చదువు ఒకచోట ఇవ్వాలన్నది సంకల్పం. 1986 జాతీయ విద్యావిధానంతో దేశమంతటా స్థిరపడిన నవోదయ విద్యాలయాల వెనుక కూడా అప్పటి కేంద్రమంత్రిగా ఆయనే ఉన్నారు. ఈ బడులలో ప్రవేశానికి పోటీ ఉన్నమాట నిజమే. కాని గేటు దాటి లోపలికి వచ్చిన తరువాత రైతుకూలీ కొడుకుకూ, ఊరి కరణంగారి మనుమడికీ ఒకే గుడ్డ, ఒకే కంచం, మంచం కింద ఒకే కొలత రేకుపెట్టె. తెల్లవారకముందు మ్రోగే గంట ఒకటే. ఇంతమందిని అంత కష్టపడి సమానంగా కూర్చోబెట్టిన బడి పేరుతో, పాతికేండ్ల తరువాత మనమే ఒక పత్రం తయారుచేసి, వాళ్ళను మళ్ళీ ఎక్కువ తక్కువలుగా విడదీయడం న్యాయమా?

సహాధ్యాయులు ఒకరినొకరు ఎలా పలకరించుకోవాలో మన వాఙ్మయం రెండు కథలలో చెప్పింది. పాలు కావాలని ఏడ్చే బిడ్డకు పిండినీళ్ళు తప్ప ఇవ్వలేని ద్రోణుడు, ఒకే గురువు దగ్గర చదువుకొన్న చనువుతో ద్రుపదుని వాకిట నిలబడ్డాడు. ద్రుపదుడు చూసినది హోదా. రాజుకూ పేదకూ స్నేహమేమిటన్నాడు. ఆ ఒక్క మాటకు సగం రాజ్యం పోయింది, పగ తరువాతి తరానికి కూడా ప్రాకింది. రెండవ కథ కుచేలునిది. కృష్ణుడు ఎదురువెళ్ళి తెచ్చి, కాళ్ళు కడిగి, ప్రక్కన కూర్చోబెట్టుకొని, సాందీపని ఆశ్రమంలో కట్టెలకోసం అడవికి పోయి వానలో చిక్కుకొన్న రోజు గుర్తుందా అన్నాడు. కుచేలుడు నోరు తెరచి ఏమీ అడగలేదు. కొంగున దాచిన అటుకులను కృష్ణుడే లాగి తీసుకొన్నాడు. లేనివాడు తనంతట తాను చెప్పడు, ఉన్నవాడే కనుక్కోవాలి. కుచేలునికి కూడా ఆరుగడుల పత్రం పంపి ఉంటే, అది తిరిగి ద్వారకకు చేరేది కాదు.

దీనికి మూడు ఆక్షేపణలు నాకు వినిపించాయి.

ఒకటి, పైకి వచ్చినవాళ్ళ వివరాలు ఇప్పుడు చదువుకొంటున్న పిల్లలకు స్ఫూర్తి కదా అని. అయ్యా, ఆ బడినుండి వెళ్ళే పిల్లలందరూ కలెక్టర్లు కాబోరు. తాపీ పట్టి ఇల్లు నిలబెట్టి, తమ్ముళ్ళను చదివించి, ఈనాటికీ పద్యం మరచిపోనివాడి పుట కూడా వాళ్ళు చదవాలి. లేకపోతే రేపు తాము వెనుకబడిననాడు, తమకు ఆ బడిలో చోటు లేదనుకొంటారు.

రెండు, కష్టాలు చెప్పుకోవడం వాళ్ళకే ఇష్టముండదు, సొంత విషయాలు తవ్వకూడదు అని. భార్య ఉద్యోగం, పిల్లల ర్యాంకు అడిగినప్పుడు సొంత విషయం కాలేదా? కష్టాన్ని అచ్చువేయమని నేను అనడం లేదు. చెవిలో చెప్పుకొనే వీలు ఉంచమంటున్నాను.

మూడు, పిలిచినా రానివాళ్ళను ఏం చేస్తాం అని. ఎలా పిలిచామన్నది కదా ముందు చూడవలసినది! తలకు ఇంత అని చందా నిర్ణయించి, పట్నంలోని హోటలులో సభ పెట్టి, కోటు వేసుకొన్న ఫొటో పంపమంటే, దినకూలీ మానుకొని ఎవడు వస్తాడు?

ఇక నా వంతు తప్పు ఒప్పుకోవాలి. ప్రతి ఆదివారం పిల్లలచేత ఇంటికి ఉత్తరాలు వ్రాయించినవాణ్ణి నేను. నమస్కరించి వ్రాయునది, ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను, ఉభయకుశలోపరి. ఇదీ నేను నల్లబల్లమీద వ్రాసిన నమూనా. జ్వరంతో కళ్ళెఱ్ఱబడిన పిల్లవాడు కూడా అదే వ్రాసేవాడు. ఇంటిమీద బెంగతో రాత్రి దుప్పటిలో ఏడ్చినవాడూ అదే వ్రాసేవాడు. అక్షరదోషాలు దిద్దాను గాని ఆ అబద్ధం దిద్దలేదు. నాన్నగారు కంగారుపడతారని సమర్థించుకొన్నాను. ప్రధానోపాధ్యాయుని గదిలో మొదటి మార్కులవాళ్ళ పేర్లు రంగుతో వ్రాయించిన బల్లకు అక్షరాలు సరిచూసినవాణ్ణీ నేనే. ఆ పోయిన పిల్లవాడు ప్రతి సంక్రాంతికీ నాకు రెండు ముక్కలు వ్రాసేవాడు. ఒక సంవత్సరం ఆ ఉత్తరం ఆగిపోయింది. పని ఒత్తిడిలో ఉన్నాడేమో అనుకొన్నానే గాని, ఎందుకు ఆగిందని నేనూ అడగలేదు. కాబట్టి ఈ టపాలోని ఎఱ్ఱసిరా ముందుగా నా పుటమీదనే పడింది.

పూర్వవిద్యార్థి సంఘాలవారికి నా విన్నపం ఇది. హోదా గడి తీసివేయండి. సంస్థ గడి, భాగస్వామి ఉద్యోగం గడి కూడా తీసివేయండి. వాటి చోట నాలుగు ప్రశ్నలు పెట్టండి. ఆరోగ్యం ఎలా ఉంది? ఇంట్లో చదువు ఆగిన పిల్లలున్నారా? నీకు వచ్చిన పనిలో ఇతరులకు ఏ సాయం చేయగలవు? మనలో ఎవరి జాడ నీకు తెలుసు? ఫారం తిరిగి రాకపోతే ఇంకొక ఫారం పంపకండి, మనిషిని పంపండి. సభ బడి ఆవరణలోనే, చెట్టుకింద, చందా లేకుండా పెట్టండి. జ్యోతి వెలిగించే ముందు పాత హాజరుపట్టీ తెప్పించి మొత్తం పేర్లు చదవండి. రానివాని పేరు దగ్గర, వాడెందుకు రాలేదో ఎవరో ఒకరు లేచి చెప్పాలి. చెప్పగలవాడు లేకపోతే, వచ్చే సభలోగా కనుక్కొనే పని ఒకరికి అప్పగించండి. చనిపోయినవారి పేరు, తేదీ సంచిక మొదటి పుటలో వేయండి.

ఆ నలభైయొకటవ పిల్లవాని జాడ ఇంకా తెలియలేదు. వెదుకుతున్నాను.

మీరు చదువుకొన్న వసతిబడుల సంగతులేమిటో, అక్కడ ఏ గడులు నింపమంటున్నారో వ్యాఖ్యలలో వ్రాయండి. నాతో విభేదించేవారు మరీ తప్పక వ్రాయండి. అక్షరదోషాలుంటే మాత్రం దిద్దుతాను, అలవాటు పోలేదు.

స్వస్తి.