తూకమునకు ముందు ఒక చూపు

'రద్దీ' అను మాటకు మన రెండు భాషలలో రెండు అర్థములున్నవి. ఉర్దూలో అది పనికిరాని కాగితము, తెలుగులో జనసమ్మర్దము. ఆదివారమునాడు హైదరాబాదులోని ఆబిడ్స్ వీధికి వెళ్ళినవారికి ఈ రెండర్థములును ఒక్కచోటనే కనిపించును. మూసిన దుకాణముల ముందు, కాలిబాటలమీద పాతపుస్తకములు పరచియుండును. వాటి చుట్టును వంగిన తలలు. ఒకరు చిత్తుకాగితమని వదలుకొన్నదానిని మరొకరు నిధి దొరికినట్లు చంకనబెట్టుకొని పోవుచుందురు.

పాతపుస్తకము చేతబట్టుట పేదరికమునకు గుర్తని సంకోచించు విద్యార్థులు నేటికిని ఉన్నారు. ఈ సంకోచము అకారణమని మేము భావిస్తున్నాము. కోఠీలోని పాతపుస్తకముల అంగళ్ళును, విజయవాడలో లెనిన్ సెంటరు దుకాణములును ఎందరి చదువులనో నిలబెట్టినవి. అయినను, మిగిలిన డబ్బు ఒక్కటియే ఇందలి లాభము కాదు. కొత్త పుస్తకముల దుకాణమునకు మనకు కావలసినదేదో తెలిసి వెళ్ళుదుము. పాతపుస్తకముల కుప్పలోనో, మనకు కావలసినదని మనకే తెలియనిది చేతికి వచ్చును. అట్టలోపల ఎవరిదో పేరు, అంచులలో పెన్సిలు గుర్తులు, కష్టమైన పదముప్రక్కన అర్థము – మనకంటె ముందు చదివిన వ్యక్తి మన ప్రక్కనే కూర్చుండి ఉన్నట్లుండును.

అయితే పాతదంతయు మంచిదని మేము వాదించుట లేదు. 2024 జూలై 1 నుండి 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. పరీక్షకు కూర్చుండు న్యాయవిద్యార్థి పాత గ్రంథమునే నమ్ముకొన్నచో నష్టపోవును. కాని చరిత్ర చదువువానికి ఆ గ్రంథమే ఆధారము. కనుక పుస్తకము పనికివచ్చునో రాదో నిర్ణయించవలసినది దాని వయస్సు కాదు. దానిని చదువగలిగినవాని కన్ను.

మనము చింతించవలసిన విషయమిక్కడనే ఉన్నది. 1917లో హైదరాబాదున అనువాదశాఖ ఏర్పడినది. మరుసటి యేట ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఉర్దూ మాధ్యమమున బోధించుటకు శాస్త్రము, చరిత్ర, తత్త్వము మొదలైన విషయములపై ఎన్నియో గ్రంథములను ఆ శాఖ ఉర్దూలోనికి తెచ్చినది. 1948 తరువాత బోధనాభాష మారినది. ఆ పుస్తకములు తరగతిగదిని వీడి ఇండ్లలోని అలమారలలో మిగిలినవి. నేడు ఆ ఇండ్లలో తాతగారి లిపి తెలిసిన మనుమలు ఎందరు? తెలుగు మాధ్యమములోనో, ఆంగ్ల మాధ్యమములోనో చదువుకొన్న పిల్లవానికి ఆ పుస్తకము గణితమో, కవిత్వమో, వంటలపుస్తకమో తెలియదు. ఇల్లు ఖాళీచేయునాడు అది కిలోల లెక్కన తూకమునకు పోవును. తెలుగు పుస్తకములకును ఈ గతి తప్పుట లేదు. నిజాం రాష్ట్రములో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానముగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 350కి పైగా కవులను 'గోలకొండ కవుల సంచిక'లో చేర్చి ప్రకటించిరి. తెలుగు రాని చేతిలో పడినచో అట్టి సంచికకును కాగితపు బరువే విలువ.

ఈ ఆపదకు విరుగుడు మన కళాశాలలోనే ఉన్నది. ఒకే కప్పుక్రింద రెండు లిపులు చదువువారున్నారు. విద్యార్థి మిత్రులారా, ఇంటిలోని పాతపుస్తకమును అమ్ముటకు ముందు ఒక్కసారి ఇక్కడికి తీసికొనిరండు. మీకు చదువరానిచో చదువగల స్నేహితునికి చూపుడు. అతనికి తెలుగు పుస్తకమేదైన ఎదురైనప్పుడు మీరు చూచిపెట్టుడు. ఇంతకంటె సులభమైన భాషాసేవ మరొకటి లేదు.

కమిటీవారికి మా విన్నపములు మూడు. గ్రంథాలయమునుండి తొలగించదలచిన పుస్తకములను ఒక ఉర్దూ అధ్యాపకుడును, ఒక తెలుగు అధ్యాపకుడును చూచిన పిదపనే తీసివేయవలెను. సంవత్సరాంతమున, వెళ్ళిపోవు విద్యార్థులు తమ పాఠ్యపుస్తకములను తరువాతి తరగతివారికి స్వల్పమైన వెలకు ఇచ్చునట్లు ఒక బల్ల ఏర్పాటుచేయవలెను. ఆ వచ్చిన సొమ్ముతో దారము, అట్టలు, కాలికో గుడ్డ కొని, పుస్తకములు కుట్టుట విద్యార్థులకు నేర్పించవలెను. విడిపోయిన పుటలను వరుసగా పేర్చి, కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించి, బరువుక్రింద ఆరబెట్టిన పుస్తకము మరల నిలబడుట చూచినప్పుడు కలుగు సంతోషము కొత్త పుస్తకము కొన్నప్పుడు కలుగదు. తన చేతితో కుట్టిన పుస్తకమును ఎవడును తూకమునకు వేయడు.

ఈ పనులకు పెద్ద ఖర్చు లేదు; ఒక బల్ల, ఒక సూది, ఇద్దరి ఓపిక చాలును. వచ్చే వేసవి సెలవులకు ముందే ఇది ప్రారంభమగునని ఆశిస్తున్నాము.