డీజిలు కారు: కాగితపు లెక్క, దారి లెక్క

డీజిలు కారు కొనువాడు ఇంధనపు పొదుపును జూచి కొనును. పెట్రోలు బండికంటె దానికి ముందుగా నెక్కువ సొమ్ము చెల్లించుటకు సామాన్యముగా వేఱొక హేతువు లేదు. కావున లీటరునకు ఇన్ని కిలోమీటర్లని ప్రభుత్వ పరీక్షను సాక్షిగా నిలిపి కంపెనీలు ప్రకటించు అంకె వట్టి యలంకారవాక్యము గాదు. దానిని నమ్మి గృహస్థు లక్షలు వెచ్చించుచున్నాడు. ఆ యంకె యెట్లు పుట్టుచున్నదో, దారిమీద నెంతవఱకు నిలుచుచున్నదో విచారింపవలసి యున్నది.

ఈ విషయమున ఐరోపా ఖండపు అనుభవమును మించిన సాక్ష్యము లేదు. 2015లో పశ్చిమ ఐరోపాలో అమ్ముడుపోయిన క్రొత్త కార్లలో సగమునకు మించి డీజిలు బండ్లే. వాని యింధనవ్యయమును నాడు కొలిచిన పరీక్షకు న్యూ యూరోపియన్ డ్రైవింగ్ సైకిల్ అని పేరు. పేరులో నూతనత్వ మున్నను, అందలి పట్టణభాగము 1970 ప్రాంతపు కల్పనయే. పరీక్షింపబడు బండి వీధి ముఖము చూడదు. ఒక గదిలో, తిరుగు రోలర్లమీద, 1180 సెకనులపాటు, సుమారు 11 కిలోమీటర్లు నడచును. సగటు వేగము గంటకు 34 కిలోమీటర్లకు లోపే. 120 కిలోమీటర్ల వేగమును కొలది క్షణములు ముట్టి విడుచును. నిలిచిన బండి 50 కిలోమీటర్ల వేగ మందుకొనుటకు 26 సెకనులు పట్టును! అంత నెమ్మదిగా కదలువాని వెనుక హారనులు మ్రోగకుండు పట్టణ మే దేశమున నున్నదో మే మెఱుగము. చల్లని గాలి యంత్రము నడువదు, దీపములు వెలుగవు, ఎదురుగాలి వీచదు, ఎత్తు పల్లములు లేవు.

ఇది చాలక, చట్టము విడిచిన సందులు మఱికొన్ని యుండెను. రోలర్ల కీయవలసిన బరువును నిర్ణయించుటకు బండిని ముందుగా బయలున దొర్లనిచ్చి చూతురు. ఆ దొర్లుటలో బండి యెంత తేలికగా సాగిన, గదిలో ఇంజనునకు అంత శ్రమ తగ్గును. అందుచే టైర్లలో గాలి బిగించి, నున్నని బాట వెదకి, అదనపు సామగ్రి లేని తేలికపాటి బండిని పంపుట వాడుకయ్యెను. పరీక్షలో తేలిన యంకెకంటె నూటికి 4 వఱకు తగ్గించి ప్రకటించుకొనుటకు సయితము అనుమతి యుండెను. కొలిచిన దానికంటె తక్కువ చెప్పుకొను స్వేచ్ఛను ఏ ధాన్యపు వర్తకునికైన నిచ్చిన ప్రభుత్వమును మేము చూడలేదు.

ఈ శ్రమయంతయు దేనికి? ఒక లీటరు డీజిలు కాలిన నించుమించు 2.6 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. కాన ఇంధనపు లెక్కయు, వాయువు లెక్కయు నొకటే. ఐరోపా సంఘము 2009లో చట్టము చేసి, కంపెనీలు అమ్ము క్రొత్త కార్ల సగటు 2015 నాటికి కిలోమీటరునకు 130 గ్రాములకు దిగవలెనని శాసించెను. మీఱినవారికి జరిమానా. అనేక దేశములు కారు పన్నును గూడ ఆ గ్రాముల ననుసరించియే విధించినవి. అంకె తగ్గిన, అమ్మువానికి జరిమానా తప్పును, కొనువానికి పన్ను తగ్గును. ఇట్లు ఇరువురకును ప్రియమైన యంకెను శంకించు వారెవరు?

ఫలితము ననుమానింప బనిలేదు. ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఆన్ క్లీన్ ట్రాన్స్‌పోర్టేషన్ అను సంస్థ వారు ఐరోపా దేశముల వాహనదారుల యింధనపు లెక్కలను గూర్చి చూచిరి. 2001లో దారి లెక్క కాగితపు లెక్కకంటె సుమారు నూటికి 9 హెచ్చు. 2015 నాటికి నూటికి 42 హెచ్చు. ఇది డీజిలు, పెట్రోలు బండ్ల సగటు.

ఇక్కడ నొక భేదమును పాఠకులు గుర్తింపవలెను. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వాగన్ కంపెనీపై మోపిన నేరము ఇంధనమును గూర్చినది కాదు. డీజిలు పొగలోని నత్రజని ఆక్సైడులను పరీక్షవేళ మాత్రమే అదుపున నుంచు మాయోపాయమును గూర్చినది. అది చట్టమును మోసగించుట. ఇంధనపు అంతరము చాలవఱకు చట్టబద్ధముగనే పెరిగినది. మొదటిదానికి న్యాయస్థానము లున్నవి. రెండవదానికి పరీక్షనే మార్చుకొనవలసి వచ్చినది.

2017 సెప్టెంబరు మొదలు డబ్ల్యు.ఎల్.టి.పి. యను క్రొత్త పరీక్ష వచ్చెను. ఇది 30 నిమిషములు, 23 కిలోమీటర్లు. వేగము 131 కిలోమీటర్ల వఱకు పోవును. అంతకంటె ముఖ్యమైన మార్పు వేఱొకటి. 2021 నుండి ఐరోపాలో అమ్ము ప్రతి క్రొత్త కారులోను అది నిజముగ త్రాగిన యింధనమును లెక్కించు సాధన ముండితీరవలెను. ఆ లెక్కల నాధారము చేసికొని ఐరోపా కమిషను 2024 మార్చిలో ప్రకటించిన నివేదిక ప్రకారము, 2021లో రిజిస్టరైన డీజిలు కార్లు క్రొత్త పరీక్ష చెప్పినదానికంటె నూటికి 18.1, పెట్రోలు కార్లు 23.7 హెచ్చుగ వ్యయపఱచుచున్నవి. విద్యుత్తును పెట్రోలును రెంటిని వాడు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బండ్ల సంగతి చెప్పనలవి కాదు. వాని వ్యయము కాగితపు లెక్కకు మూడున్నర రెట్లు!

ఈ శాతములను మన గృహస్థుని పద్దులోనికి దింపి చూతము. నెలకు 1500 కిలోమీటర్లు తిరుగువా డొకడు. రెండు ఇంధనములును లీటరు 100 రూపాయలే యనుకొందము. డీజిలు బండి లీటరునకు 25 కిలోమీటర్లని కాగితము చెప్పిన, నెల ఖర్చు 6000 రూపాయలు. దారిలో నూటికి 18 హెచ్చిన, అది 7,080 అగును. ఏడాదికి 13,000 రూపాయలకు చేరువగా లోటు. కాని 20 కిలోమీటర్ల పెట్రోలు బండికి కాగితముపై 7,500 కాగా, దారిలో 9,280 వఱకు పోవును. అనగా డీజిలు వలని లాభము తగ్గకపోగా నెలకు 1,500 నుండి 2,200కు పెరిగినది! డీజిలు బండ్ల అంకెలు అబద్ధము గావున డీజిలే దండుగ యనువారి వాదము నిలువదు. అంకె చెడుటచే చెడినది ఆదాయవ్యయముల యంచనా. మఱియు సగటును నమ్మి ప్రతివాడును కొనరాదు. ఊరిలోనే రెండు మూడు కిలోమీటర్లు తిరుగు డీజిలు బండి ఇంజను వేడెక్కకమునుపే ఆగును. దాని పొగగొట్టములోని మసి జల్లెడను కాల్చి శుభ్రపఱచుటకు అదనముగా ఇంధనము పోయవలసివచ్చును. పొలమునకును పట్టణమునకును దూరప్రయాణము చేయువాని లెక్క వేఱు.

మన దేశమున లీటరునకు ఇన్ని కిలోమీటర్లని చిరకాలము ప్రకటింపబడిన యంకెలు మాడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ నుండి పుట్టినవి. అది పైని చెప్పిన పాత ఐరోపా పరీక్షకు తమ్ముడు. గరిష్ఠవేగమును 90 కిలోమీటర్లకు దించిరి, అంతియే. చల్లని గాలి యంత్రము లేకయే కొలిచిన యంకెను నమ్మి మే మాసమున బెజవాడనుండి హైదరాబాదునకు పోవువాడు దారిలో రెండవమాఱు బంకు వెదకికొనవలసినదే. సగటు వాయువునకు పరిమితిని మన ప్రభుత్వమును 2017-18లో 130 గ్రాములుగను, 2022-23లో 113 గ్రాములుగను విధించియున్నది. కాన ఐరోపా కంపెనీలను లోబఱచిన ప్రలోభమే ఇచ్చటను గలదు. పైగా 2014 అక్టోబరులో డీజిలు ధరపై ప్రభుత్వపు అదుపు తొలగినపిమ్మట పెట్రోలుతో దాని ధరాంతరము కుంచించుకొనిపోయినది. లీటరు లెక్కలో పొరపాటునకు ఓర్వగల మిగులు కొనువానికి లేదు.

కంపెనీల యంకెకు ప్రక్కనే, వాహనములలోని కొలమానములనుండి సేకరించిన దారి యంకెను గూడ అంగడిలో వ్రాసి యుంచవలెనని ప్రభుత్వము శాసింపవలసియున్నది. అందాక కొనువాడు తానే కొలుచుకొనవలెను. టాంకు అంచువఱకు నింపి, మీటరు వ్రాసికొని, నాలుగైదువందల కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో మరల అంచువఱకు నింపినచో, పోసిన లీటర్లచే తిరిగిన దూరమును భాగింప వచ్చినదే దారి లెక్క. ఒకమాఱు చాలదు, ఎండకాలమున నొకటి, వానకాలమున నొకటి చేయవలెను.