ఎడారికి ఏ నెలలో?
ప్రశ్న: లాస్ ఏంజెలెస్‌లో చదువుతున్నాను. జూలైలో అమ్మా నాన్నా వస్తున్నారు. హాలీవుడ్ తారల విడిది పామ్ స్ప్రింగ్స్ చూపించాలని ఉంది. అప్పుడు హోటళ్ళూ చవకే. మాది రెంటచింతల, ఎండ మాకో లెక్కా?

జవాబు: లెక్కే సోదరా! 2024 జూలై 5న అక్కడ 51 డిగ్రీలు కాసింది. హోటళ్ళు చవకయ్యేది అందుకే! మే నెల మధ్యాహ్నం రెంటచింతలలో మీ నాన్నగారు గడప దాటుతారా? ఏ.సి. గదిలో కూర్చోవడానికి అంత దూరమెందుకు? జనవరిలో ఫిల్మ్ ఫెస్టివల్, ఏప్రిల్‌లో పక్కనే కోచెల్లా సంగీతోత్సవం. గదుల అద్దెలు చుక్కలు చూపిస్తాయి. నవంబరు మేలు. పగలు హాయి, రాత్రికి స్వెట్టరు చాలు. ఫ్రాంక్ సినాట్రా 1947లో కట్టించుకున్న ఇంటి వీధిలో నడవండి, రోప్‌కారులో కొండెక్కండి. టిక్కెట్లు మార్చేయండి. పెద్దవాళ్ళ ఆరోగ్యానికి రీటేకులుండవు మరి!