కంప్యూటర్ కుర్రాడితో సరిపోదు

గ్రంథాలయాల మాట ఎక్కడ వచ్చినా ఈమధ్య ఒకే తీర్పు వినిపిస్తోంది. "ఇప్పుడున్న సిబ్బందికి ఈ వయసులో కంప్యూటర్ ఎక్కడొస్తుంది? కంప్యూటర్ తెలిసిన కుర్రాణ్ణి ఒకణ్ణి పెట్టుకుంటే పోలా!" అధికారులు ఈ మాటే అంటున్నారు, చదువుకున్నవాళ్లూ ఇదే అంటున్నారు. ఆఖరికి రోజూ పేపరు చదవడానికొచ్చే పెద్దమనుషులు కూడా తలూపుతున్నారు. ఈ మాట తప్పు. జీవితమంతా పుస్తకాల మధ్య పనిచేసిన మనిషిని చులకన చేసే మాట. దీనివల్ల ఇప్పటికే చాలా నష్టం జరిగింది.

ఆన్‌లైన్ క్యాటలాగు అంటే వేగంగా టైపు కొట్టడమే అనుకునేవాళ్లు ఒకసారి దాని ముందు కూర్చుని 'విశ్వనాధ' అని వెతకాలి. 'థ'కు బదులు 'ధ' పడిందంతే, వేయిపడగలు లేదు పొమ్మంటుంది. పుస్తకం మాత్రం వెనక బీరువాలోనే ఉంటుంది. సరిగ్గా కొట్టినా, 'వేయి' తర్వాత ఖాళీ వదిలితే ఒక ఫలితం, వదలకపోతే మరొకటి. కన్యాశుల్కం అని వెతికితే కన్యాశుల్కము దొరకదు. 'శ్రీమత్', 'శ్రీమదాంధ్ర' అంటూ మొదలయ్యే పాత పుస్తకాలన్నీ 'శ' కింద గుట్టపడి ఉంటాయి. ఆరుద్ర ఒకచోట ఆరుద్రగా, ఇంకోచోట భాగవతుల సదాశివ శంకరశాస్త్రిగా నమోదై ఉంటే, ఆ ఇద్దరూ ఒకరేనని యంత్రానికి ఎవరు చెప్పాలి? బాలగంగాధర తిలక్ అని కొడితే 'అమృతం కురిసిన రాత్రి' కవీ, స్వాతంత్య్రోద్యమ నాయకుడూ ఒకే వరసలో వచ్చి కూర్చుంటారు. వాళ్లను విడదీసి, ఎవరి పుస్తకాలు వాళ్లకు అప్పగించాలి. క్యాటలాగు నమోదుకు వాడే మార్క్ పద్ధతిలో 100వ గడిలో రచయిత పేరు, 245వ గడిలో పుస్తకం పేరు వెళ్లాలని ఎవరికైనా పావుగంటలో నేర్పవచ్చు. ఆ 100వ గడిలో ఏ పేరు వెళ్లాలో తెలియడానికే ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు గడిపింది ఎవరు? బల్ల వెనక కూర్చుని, పాఠకుడు సగం చెప్పిన పేరు విని పూర్తి పుస్తకం తీసిచ్చే మనిషే కదా.

నాకు తెలిసిన ఒక గ్రంథాలయంలో పుస్తకాల జాబితాను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని బయటి కుర్రాడికి అప్పగించారు. అతను చకచకా కొట్టేశాడు. కొట్టింది అను ఫాంట్లలో. ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో అందరూ వాడేవి అవే కాబట్టి అతనికి అవే వచ్చు. తెర మీద చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ జాబితాను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చేసరికి తెలుగు మాయమై ఇంగ్లిషు అక్షరాలూ, గుర్తులూ కలగలిసిన గందరగోళం మిగిలింది. పాఠకుడి ఫోను యూనికోడ్‌లో రాస్తుంది, జాబితా యూనికోడ్‌లో లేదు. ఆ రెండూ నేరుగా కలవవు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేశాడు, అదీ అరకొర జీతానికి. "రేపు దీన్ని పాఠకులు ఎలా వెతుకుతారు?" అని అడగాల్సిన గ్రంథపాలకురాలు అదే గదిలో ఉంది. ఆవిడను ఎవరూ అడగనివ్వలేదు. తర్వాత ఆ పని ఆవిడ మీదే పడింది. కీబోర్డు మీటల మీద తెలుగు అక్షరాలు రాసిన చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించుకుని, ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుని, మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. నెమ్మదిగానే చేసింది. కానీ ఒకే పుస్తకం రెండు పేర్లతో ఉంటే రెండింటినీ ముడివేసింది. మాలపల్లి కోసం వచ్చినవాడికి సంగవిజయం పేరుతో ఉన్న ప్రతి కూడా ఇప్పుడు దొరుకుతుంది.

ఇదే తప్పు దేశం మొత్తం మీద ఇంకా పెద్దగా జరిగింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి కన్న కల మిలియన్ బుక్ ప్రాజెక్ట్. మన దగ్గర అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా నడిచింది. చాలా గొప్ప పని. అది లేకపోతే ఎన్నో తెలుగు పుస్తకాలు చెదల పాలయ్యేవి. అయితే స్కానింగ్ మీద పెట్టిన శ్రద్ధ వివరాల నమోదు మీద పెట్టలేదు. తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు ఎక్కించారు. ఆ పుస్తకాలు ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 'డీఎల్ఐ 2015' అనే గుర్తుతో పొడవాటి అంకెల వెనక ఉన్నాయి. ఒక పుస్తకం పట్టుకోవాలంటే దాని పేరు ఎన్ని రకాలుగా తప్పు రాయవచ్చో మనమే ఊహించుకోవాలి. ఆ తప్పులను ఓపిగ్గా సరిచేసి జాబితాలు కట్టింది తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు. వాళ్లకు దండం పెట్టాలి. పుస్తకం యంత్రం మీదికి వెళ్లేముందు ఒక గ్రంథపాలకురాలి చేతి మీదుగా వెళ్లి ఉంటే ఆ శ్రమలో ఎక్కువ భాగం తప్పేది.

గ్రంథాలయ ఉద్యోగికి సాంకేతికత పడదనేవాళ్లకు న్యూజిలాండ్‌లోని లెవిన్ పట్టణం గురించి చెప్పాలి. 1999లో అక్కడి హోరోవెనువా గ్రంథాలయ ట్రస్టు వాడుతున్న పాత కంప్యూటర్ వ్యవస్థ 2000 సంవత్సరం తేదీలను తట్టుకోలేని స్థితిలో ఉంది. కొత్తది కొనుక్కోవడానికి బదులు, తమకు ఏమేం కావాలో సిబ్బందే చెప్పి, కటిపో అనే సంస్థలోని ప్రోగ్రామర్లతో రాయించుకున్నారు. 2000 జనవరిలో అది పని మొదలుపెట్టింది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని లోకానికి వదిలేశారు. అదే కోహా. ఇవాళ మన విశ్వవిద్యాలయాల్లోనూ కాలేజీల్లోనూ "మీకిది రాదు" అని గ్రంథాలయ సిబ్బందికి చూపించే సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఇదే. దాని పుట్టుకలో సగం వాటా గ్రంథాలయ ఉద్యోగులదని ఆ చూపించేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

క్యాటలాగు ఒక్కటే కాదు. చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి, జిల్లా కేంద్రాల్లో ఏ గ్రంథాలయానికైనా వెళ్లండి. కుర్చీల నిండా పోటీ పరీక్షల పిల్లలే. వాళ్లకు కావలసింది పుస్తకంతో ఆగదు. సర్వీస్ కమిషన్ రిజిస్ట్రేషను, ఫొటో సైజు తగ్గించడం, డిజిలాకర్ నుంచి మార్కుల మెమో దించుకోవడం, హాల్‌టికెట్. "మేడమ్, ఓటీపీ రాలేదు" అని అడిగేది బల్ల దగ్గర కూర్చున్న మనిషినే. ఇవే పనులు బయట నెట్ సెంటర్‌లో డబ్బులిస్తే చేసిపెడతారు. ఆధార్ కాపీ అక్కడి కంప్యూటర్‌లో ఉండిపోయినా పట్టించుకునేవాళ్లు తక్కువ. నేను చెప్పిన ఆవిడ మాత్రం పిల్ల పని అయిపోగానే డౌన్‌లోడ్స్ తెరిచి, ఆధార్ ఫైలు తీసేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, బ్రౌజర్‌లో లాగవుట్ అయ్యిందో లేదో చూసి అప్పుడు లేస్తుంది. ఎవరూ చెప్పని పని అది. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్లారో మూడో మనిషికి చెప్పకూడదన్న పాత కట్టుబాటు ఆవిడను కంప్యూటర్ దగ్గర కూడా వదల్లేదు.

నేర్చుకోవడానికి మొరాయించే ఉద్యోగులు లేరా? ఉన్నారు. కానీ వాళ్లకు నేర్పుతున్న తీరు చూడండి. ఒకపూట ఏసీ హాల్లో తెర మీద బొమ్మలు చూపించి, భోజనం పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తారు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పడమే ఇది. తిరిగి వెళ్లాక చాలాచోట్ల తలుపు తీసేదీ, పేపర్లు సర్దేదీ, పుస్తకాలిచ్చేదీ, రిజిస్టరు రాసేదీ ఒకే మనిషి. కంప్యూటర్ ఉంటే నెట్ ఉండదు, నెట్ ఉంటే కరెంటు ఉండదు. ఎప్పుడు నేర్చుకోవాలి?

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్‌ను తీసుకోండి. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథపాలకుడిగా తీసుకున్నప్పుడు ఆయన లెక్కల మాస్టారు. గ్రంథాలయ శాస్త్రం ఓనమాలు కూడా తెలియవు. ఉద్యోగంలో చేరాకే లండన్ వెళ్లి నేర్చుకున్నారు, అదీ ఉద్యోగంలో భాగంగానే. ఆ వ్యవధి ఇవ్వకపోతే 1931 నాటి పంచసూత్రాలూ లేవు, 1933 నాటి కోలన్ వర్గీకరణా లేదు. ఆ వ్యవధిలో వందో వంతు ఇవాళ మండల శాఖలో పనిచేసే మనిషికి ఎందుకివ్వరు?

డబ్బుల్లేవంటారు. ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. పంచాయతీలూ మున్సిపాలిటీలూ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయాలి. ఆ బకాయిలు పేరుకుపోయాయన్న వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. ముందు అవి కట్టించండి. అందులోంచి ప్రతి శాఖకూ తెగని ఇంటర్నెట్ ఇవ్వండి. నేర్పేవాళ్లను గ్రంథాలయానికే పంపండి, అక్కడి పుస్తకాల మీదే, అక్కడి జాబితా మీదే నేర్పించండి. వారానికో పూట గ్రంథాలయం మూసి సిబ్బందిని నేర్చుకోనివ్వండి. ఆ పూట పేపరు కోసం వచ్చిన మనం మర్నాడు చదువుకుందాం.