రెండు చుక్కలు, ఒక గీత



హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్న మీ అబ్బాయి "సర్వర్లు చూసుకునే ఉద్యోగం" అని చెబితే, ఆ చూసుకోవడం ఎట్లా ఉంటుందో మనలో అనేకులకు తెలియదు. వందల కంప్యూటర్లు ఉన్నచోట ఒక్కొక్కదాని దగ్గరకు వెళ్లి పని చెప్పరు. ఒక పెద్ద కంప్యూటరు ఆజ్ఞ ఇస్తుంది, తక్కినవన్నీ చేస్తాయి. ఇందుకు వాడే సాఫ్ట్‌వేర్లలో ఒకదాని పేరు సాల్ట్, అనగా మన ఉప్పే! 2011లో థామస్ హాచ్ అనే అతను దానిని బయటకు తెచ్చాడు. అందులో ఆజ్ఞ ఇచ్చేదాన్ని మాస్టర్ అనీ, మాట వినేవాటిని మినియన్లు అనీ అంటారు. సదుపాయమే. అయితే ఆ మాస్టర్ ఎవరి చేతిలో పడితే తక్కినవన్నీ వారి మాటే వింటాయి.

2020లో ఫిన్లాండు దేశపు ఎఫ్-సెక్యూర్ సంస్థవారు ఈ సాల్ట్‌లో రెండు లోపాలు కనుగొన్నారు. మొదటిది, కొన్ని పనులకు అడిగినవాడు ఎవడో చూడకుండానే మాస్టర్ పలకడం. రెండవదాన్ని కొంచెం నిదానంగా చెప్పాలి.

కంప్యూటరులోని ఫైళ్లు గదిలో గది ఉన్నట్లు ఫోల్డర్లలో ఉంటాయి. ఫైలు దారి రాసేటప్పుడు రెండు చుక్కలు పెట్టి ఏటవాలు గీత గీస్తే "ఒక గది వెనక్కు పో" అని అర్థం. ఒక పనికుర్రవానికి "ఈ గదిలోని పుస్తకాలు మాత్రమే ఇవ్వు" అని చెప్పారనుకోండి. ఎవరో చీటీ ఇచ్చారు: "ఈ గదిలోనుండి వెనక్కు రా, మరల వెనక్కు రా, పక్కగదిలోని బీరువాలో ఉన్న దస్తావేజులు తీసుకురా." బయలుదేరింది చెప్పిన గదిలోనుండే గనుక కుర్రవాడు తప్పు చేశాననుకోడు. సాల్ట్‌లో జరిగింది ఇదే. అడిగిన పేరును అనుమతించిన ఫోల్డరు చివర తగిలించారే గాని, ఆ దారి చివరకు ఎక్కడికి చేరుతుందో చూడలేదు. దానితో మాస్టర్‌లోని ఏ ఫైలునైనా చదవవచ్చు, రాయవచ్చు కూడా. దొంగ చదివి పోవడం ఒక ఎత్తు, మన పుస్తకంలో తన రాత రాసి పోవడం మరొక ఎత్తు. ఈ తరహా లోపం దశాబ్దాల పాతది. విరుగుడూ కష్టమైనది కాదు: చేరే చోటు ముందే లెక్కకట్టి, గది దాటితే ఇవ్వననడం. అయినా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

2020 ఏప్రిల్ 29న సరిచేసిన సాల్ట్ విడుదలైంది. 30వ తేదీ గురువారం ఎఫ్-సెక్యూర్‌వారు సంగతి ప్రకటించారు. ఆరు వేలకు పైగా మాస్టర్లు ఇంటర్నెట్‌లో ఎవరికైనా అందేటట్లు ఉన్నాయన్నారు. మనమందరం లాక్‌డౌనులో ఇళ్లలో ఉన్న రోజులవి. శని, ఆదివారాలు గడవకముందే దొంగలు వచ్చారు. గోస్ట్ అనే సంస్థ సర్వర్లలో దూరి, క్రిప్టో నాణేలు తవ్వే పనికి వాటిని పెట్టారు. ఆ బరువుకు యంత్రాలు కుంగడంతోనే సంగతి బయటపడింది. తక్కువ ఆశగల దొంగ అయితే ఎన్నాళ్లు ఉండేవాడో!

ఫోన్లకు ఉచితంగా సాఫ్ట్‌వేరు తయారుచేసే లీనియేజ్ ఓఎస్ వారి సర్వర్లలోకీ ఆ శనివారం రాత్రే చొరబడ్డారు. అక్కడ పోగొట్టుకోకూడనిది ఒకటుంది: ఈ సాఫ్ట్‌వేరు మాదేనని ముద్రవేసే రహస్య తాళాలు. అవి పోతే, దొంగ తయారుచేసినది కూడా అసలుదానివలెనే ఫోన్లలోకి వెళ్తుంది. ఆ తాళాలున్న యంత్రాలను వారు పూర్తిగా వేరుగా ఉంచారు. దొంగలు అక్కడిదాకా రాలేకపోయారు.