బకెట్టు అడుగున బండ

జాడీలు చేసే ఒక సోదరి తన కష్టం రాశారు. నలుగురు స్త్రీలు కలిసి చిన్న బట్టీ పెట్టుకున్నారట. మామిడికాయల రోజులకి అందించాలని జాడీలు చేసి, ఆరబెట్టి, మొదటి కాల్పు కాల్చి, మూడు వారాలుగా మూతపెట్టి వుంచిన గ్లేజు బకెట్టు తెరిచారు. పైన తేట నీళ్ళు. కిందికి తెడ్డు దిగదు. గునపంతో పొడిస్తే పెళ్ళలుగా లేస్తుంది గాని నీళ్ళతో కలవదు. గ్యాసు తెప్పించారు, కొనేవాళ్ళకి మాట ఇచ్చారు. ఇక ఆగలేక కలిసినంత మేరకి కలిపి, జాడీలు ముంచి కాల్చేశారు. ముందు ముంచినవి సున్నం కొట్టిన గోడలా గరుకుగా వచ్చాయి. చివర ముంచినవాటికి గ్లేజు దట్టంగా పట్టి, కారి, బట్టీ పలకకి అతుక్కుపోయింది. "ఆ బకెట్టు పారబొయ్యమంటారా? గరుకు జాడీల్లో ఊరగాయ పెట్టుకోవచ్చునా?" అని ఆవిడ రెండు ప్రశ్నలు వేశారు.

మొదటి ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పేస్తాను: పారబొయ్యకండి. అందులో డబ్బు పెట్టి కొన్న సరుకంతా అలాగే వుంది. తారుమారైంది దాని అమరిక మాత్రమే. రెండో ప్రశ్న సంగతి చివర చూద్దాం. అది ఇంతకన్నా పెద్దది.

మన కుమ్మరులకి ఈ బాధ లేదు. కుండకి వాళ్ళు పూసేది కావిమట్టి. అది మట్టే కనుక చట్టిలో కిందికి దిగినా మెత్తగానే వుంటుంది, చేత్తో ఒకసారి తిప్పితే కలిసిపోతుంది. కాల్చిన తరవాత కుండకి గాజులాంటి నిగనిగ వుండదు, చెమరుస్తుంది. అందుకే అందులో నీళ్ళు చల్లగా వుంటాయి. ఊరగాయకి అది పనికిరాదు. నూనె పీల్చని, పులుపుకి లొంగని జాడీ కావాలంటే దానిమీద గాజు కరిగి అతుక్కోవాలి. ఆ గాజుకి కావలసిన దినుసులన్నీ నీళ్ళలో కలిపిన చిక్కటి పాలే గ్లేజు.

ఆ పాలలో వున్నదేమిటని చూస్తే, ముప్పాతిక మూడుపాళ్ళు రాతిపొడి. పలుగురాయి, ఫెల్‌స్పారు, సుద్ద. గూడూరు వైపు అభ్రకం గనుల సీమలో పలుగురాయీ ఫెల్‌స్పారూ మనకి చేరువలోనే దొరుకుతాయి. వీటికి తోడు కాస్త చైనామట్టి, రంగు కావాలంటే ఇనుమో రాగో. రాయి నీటికన్నా రెండున్నర రెట్లకి పైగా బరువు. అటువంటిది నీళ్ళలో తేలుతూ కూర్చోమంటే ఎందుకు కూర్చుంటుంది?

ఎంత వేగంగా మునుగుతుందో లెక్క కట్టే సూత్రాన్ని 1851లో స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు ఇచ్చాడు. రేణువు అడ్డుకొలత రెట్టింపయితే మునిగే వేగం నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్కనే పావు మీటరు లోతున్న నిశ్చలమైన నీటిలో 75 మైక్రాన్ల పలుగురాతి నలుసు నిమిషం లోపల అడుగు తాకుతుంది. 2 మైక్రాన్ల నలుసుకి సుమారు 19 గంటలు పడుతుంది. చిక్కటి గ్లేజులో నలుసులు ఒకదానికొకటి అడ్డం పడతాయి కనుక ఇంకా ఆలస్యమవుతుందనుకోండి. అయినా ముందు దిగేది మొరటు రాయి, వెనక దిగేది మెత్తని మట్టి. ఈ వరస తప్పదు. సగం కలిపిన బకెట్టులో పైన మట్టి పాలు ఎక్కువ, కింద రాయి పాలు ఎక్కువ. ఆ సోదరి ఒకే బకెట్టులో ముంచాననుకున్నారు. నిజానికి ఆవిడ జాడీలకి రెండు వేరు వేరు గ్లేజులు పట్టాయి.

రవ్వదోసెలు పోసేవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. ప్రతి గరిటెకీ పిండి అడుగునుంచి తిప్పకపోతే మొదటి దోసె కాగితమూ, చివరి దోసె దిబ్బరొట్టె అవుతాయి. గ్లేజు కూడా ప్రతి జాడీ ముంచేముందు తిప్పవలసిందే. ఏ మందు వేసినా ఈ పని తప్పదు. మనం వెతుకుతున్నది అసలు మునగకుండా చేసే మందు కాదు, మునిగినా బండ కట్టకుండా చేసే మందు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి వుంది. ఆలస్యంగా మునిగే గ్లేజు మంచిదనీ, తొందరగా మునిగేది చెడ్డదనీ అనుకుంటారు. తరచు దీనికి తలకిందులుగా జరుగుతుంది. నీళ్ళలోని నలుసులు ఒకదాన్నొకటి తోసేసుకుంటూ ఒంటరిగా తిరిగితే పైనీళ్ళు చాలాసేపు తెల్లగానే వుంటాయి, చూడడానికి బాగుంటుంది. కాని ఒక్కొక్కటే దిగే నలుసు కింద ఎక్కడ సందు వుంటే అక్కడికి జారుతుంది. సోలెడు బియ్యం పోసి సోలని నేలకేసి తడితే ఎలా కుదించుకుంటాయో అలా కుదించుకుని బండ అవుతుంది. నలుసులు చేతులు పట్టుకుని గుంపులుగా దిగితేనో, తొందరగానే దిగుతాయి, కాని పేలాల పోగులా నడుమ నీళ్ళు నిలుపుకుని బొద్దుగా కూర్చుంటాయి. అప్పుడు తెడ్డు పెడితే చాలు, లేచి వస్తాయి.

గుంపు కట్టించే విద్య మన ఇళ్ళలో పాతదే. వరద గోదావరి ఎర్రనీళ్ళు బిందెతో తెచ్చి, పటిక తిప్పో, చిల్లగింజ అరగదీసో తేర్చుకునేవాళ్ళు. మట్టి నలుసులకి ఒంటినిండా రుణవిద్యుత్తు వుంటుంది, అందుకని ఒకదాన్నొకటి చేరనివ్వవు. పటికలోని అల్యూమినియం ధనవిద్యుత్తుతో వచ్చి ఆ పోరు మాన్పుతుంది. నదిమట్టి సముద్రపు ఉప్పునీరు తగలగానే గుంపు కట్టి దిగడం కూడా ఈ కోవలోదే. మన డెల్టా నేలల్లో ఆ ఉప్పుకి కూడా కొంత వాటా వుంది.

గ్లేజు బకెట్టులో నలుసుల్ని విడదీసే దుష్టుడు సాధారణంగా సోడియం. కొన్ని ఫెల్‌స్పార్ల నుంచీ, సోడా కలిసిన గాజుపొడి నుంచీ ఇది నెమ్మదిగా నీళ్ళలోకి ఊరుతుంది. అందుకే కలిపిన రోజున బాగున్న గ్లేజు మూడు వారాలకి బండ కడుతుంది. సరుగుడు బూడిదతో గ్లేజు చేసేవాళ్ళు బూడిదని నాలుగు నీళ్ళు కడగకపోతే అందులోని క్షారంతో ఇదే తంటా. చేతులు మండడం అదనం. పప్పు ఉడకదని మనం తిట్టుకునే కఠినమైన బోరునీళ్ళు ఇక్కడ మాత్రం మేలు చేస్తాయి, వాటిలో కాల్షియం వుంటుంది కనుక.

ఇక మందు. ముందు చూడవలసింది మట్టి పాలు. పొడి సరుకులో నూటికి 10 నుంచి 20 పాళ్ళు చైనామట్టి వున్న గ్లేజు అంతగా ఏడిపించదు. అంత మట్టికి చోటులేని గ్లేజయితే బెంటొనైటు నూటికి 1 నుంచి 2 పాళ్ళు. 5 కిలోల పొడికి 100 గ్రాములు మించనక్కరలేదు. ఇది నీళ్ళు తాగి ఉబ్బే మట్టి. మనకి కచ్ నుంచీ, రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ నుంచీ వస్తుంది. దీని సత్తా తెలియాలంటే నూనెబావుల సంగతి చూడాలి. కడప సీమలో మంగంపేట ముగ్గురాయి నీటికి నాలుగు రెట్లకి పైగా బరువు. ఆ పొడిని నూనెబావి తవ్వే బురదలో కలుపుతారు. బరమా ఆగినప్పుడు ఆ బరువంతా బావి అడుగున పడిపోకుండా పట్టి నిలిపేది బెంటొనైటే. అంత బరువు మోసేది, మన ఫెల్‌స్పారుని మొయ్యలేదా?

కాని దాన్ని తడి బకెట్టులో గుప్పిట్లతో చల్లారో, పిండి ఉండలు కట్టినట్టు కట్టి జన్మలో విడదు. నీళ్ళు పొయ్యకముందే పొడి సరుకుతో కలిపెయ్యాలి. అప్పటికే గ్లేజు తడిసి వుంటే, వేరే గిన్నెలో వేడినీళ్ళమీద బెంటొనైటు పలచగా జల్లి, ముట్టుకోకుండా రాత్రంతా వదిలేసి, మర్నాడు చిలికి పొయ్యాలి.

రెండో మందు ఎప్సమ్ సాల్టు, మందుల షాపులో దొరికే చేదు ఉప్పే. అందులోని మెగ్నీషియం, పటికలో అల్యూమినియం చేసే పనే చేస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో ఇక కరగదనేదాకా కరిగించి, ఆ తేటని సీసాలో పోసుకోండి. 5 కిలోల పొడి వున్న బకెట్టుకి ఒక చిన్న చెంచాడు వేసి, బాగా తిప్పి, పావుగంట ఆగి చూడండి. చాలకపోతే ఇంకొకటి. సాధారణంగా మూడు చెంచాలు దాటే అవసరం రాదు. చేత్తో గిరగిరా తిప్పి వదిలితే, తిరగడం ఆగేముందు గ్లేజు రవంత వెనక్కి లాగినట్టు కదిలితే సరిపోయిందన్నమాట. అసలు మట్టి లేని గ్లేజులో మాత్రం ఈ ఉప్పు పెద్దగా పనిచెయ్యదు. పట్టుకోవడానికి దానికి మట్టి కావాలి.

వెనిగరు కూడా చెబుతారు. పనిచేస్తుంది, కాని గ్లేజులోని సుద్ద ఆ పులుపుని తినేస్తుంది, వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికి వస్తుంది. గంజి పొయ్యడం నాకు బొత్తిగా నచ్చదు. మన ఎండలకి మూడోరోజుకే పులిసి కంపు కొడుతుంది.

ఉప్పు ఎక్కువైతే గ్లేజు పెరుగులా గడ్డకడుతుంది. అప్పుడు చిక్కగా వుందని నీళ్ళు పోస్తారు. ఇదే మహా ప్రమాదం. చూపుకి చిక్కన, నిజానికి సరుకు తక్కువ. అటువంటిది జాడీమీద ఎండి బీటలిచ్చి, బట్టీలో అక్కడక్కడా ముడుచుకుపోయి మట్టి బయటపడుతుంది. అంచేత కంటిని నమ్మకండి, త్రాసుని నమ్మండి. 5 కిలోల పొడికి 5 లీటర్ల నీళ్ళు పోస్తే, ఆ గ్లేజు 100 మిల్లీలీటర్లు సుమారు 145 గ్రాములు తూగుతుంది. మీ గ్లేజు బాగున్న రోజున తూచి ఆ అంకె బకెట్టు మీద రాసుకుంటే, ఆ తరవాత నీళ్ళు కావాలో ఉప్పు కావాలో అదే చెబుతుంది.

ఇప్పుడు ఆ సోదరి బకెట్టు. పైనీళ్ళు తీసి ఇంకో బకెట్టులో దాచండి. పారబోస్తే అందులో కరిగిన సరుకూ పోతుంది, వంట మారిపోతుంది. అడుగు బండని గట్టి గరిటెతో గీరి పెళ్ళలు చేసి, మునిగేటంత ఆ నీళ్ళే పోసి రాత్రి నాననివ్వండి. పొద్దున్న చేతితొడుగు వేసుకుని పిసికి, అంగుళానికి 80 కన్నుల జల్లెడలో రెండుసార్లు వడగట్టండి. జల్లెడలో మిగిలినదాన్ని పారెయ్యకుండా నూరి మళ్ళీ వడగట్టాలి. దాచిన నీళ్ళు కొంచెం కొంచెంగా చేర్చి, తూచి, ఆ తరవాతనే ఎప్సమ్ నీళ్ళు. చిన్న పెంకుమీద పూసి కాల్చి చూశాకనే జాడీల జోలికి వెళ్ళండి. బండని ఎండనిచ్చి దంచాలని మాత్రం చూడవద్దు. పలుగురాతి ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు. సిలికోసిస్ అనే ఆ జబ్బుకి నయం చేసే మందు ఈనాటికీ లేదు. పొడి సరుకు తూచేటప్పుడు కూడా ధూళిని ఆపే మంచి మాస్కు వుండాలి. నేల ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి.

రెండో ప్రశ్న. గరుకుగా వచ్చిన జాడీల్లో ఊరగాయ పెట్టకండి, అమ్మకండి. పాళ్ళు తప్పిన గ్లేజు సరిగా గాజు కాదు. ఆవకాయలో ఉప్పూ పులుపూ ఏడాది పొడుగునా దాన్ని నాకుతూ వుంటాయి, రంగుకోసం వేసిన రాగి వంటివి ఊరగాయలోకి దిగవచ్చు. అనుమానమున్న ముక్కని సగం దాకా వెనిగరులో రెండు మూడు రోజులు నిలబెట్టి చూడండి. మునిగిన భాగం రంగు తేలినా, మెరుపు తగ్గినా అది తిండికి పనికిరాదు. తేలకపోయినంత మాత్రాన మంచిదని రుజువైపోదు, అది ప్రయోగశాల చెప్పవలసిన మాట. సీసం కలిసిన గ్లేజయితే ఈ పరీక్షలన్నీ అనవసరం, ఊరగాయ దగ్గరికే రానివ్వకూడదు. మొదటి కాల్పు గట్టిదే కనుక, గరుకు జాడీలకి సరిచేసిన గ్లేజు పలచగా పూసి మళ్ళీ కాల్చి చూడవచ్చు. కొన్ని బాగుపడతాయి. బాగుపడనివాటిలో మల్లెమొక్క వేసుకోవచ్చు, అడుగున కన్నం పెట్టుకుని.

ఎప్సమ్ నీళ్ళ సీసా మంచినీళ్ళలాగే కనబడుతుంది. చీటీ అంటించి, వంటింటి అలమరకి దూరంగా పెట్టండి. బెంటొనైటు చిలకడానికి ఇంట్లో మిక్సీ తీసుకుపోయారంటే మాత్రం, దాన్ని ఇక చట్నీకి వెనక్కి తేవద్దు.